బరాబర్

బరాబర్ తెలంగాణ తెలుగులో నిత్యం వినిపించే అన్యదేశ్య పదం. మూలార్థం 'సమానం'. ఫారసీలో పుట్టి, దక్కనీ ఉర్దూ మీదుగా తెలుగులోకి చేరింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఈ మాటను ఇప్పుడు 'సమానం' అనే అర్థంలో కంటే 'సరిగ్గా', 'ఉన్నది ఉన్నట్టు', 'తప్పకుండా' అనే అర్థాల్లోనే ఎక్కువగా వాడుతున్నారు. దీని నామరూపం బరాబరి. అజంతంగా పలికే అలవాటున్న చోట బరాబరు అని కూడా అంటారు.

ఈ వ్యాసంలో నల్లగొండ అంటే ఇప్పటి నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు. మహబూబ్‌నగర్ లేదా పాలమూరు అంటే ఇప్పటి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలు. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనకు ముందు ఇవి రెండే జిల్లాలు. నారాయణపేట 2019లో విడివడింది. బీహార్‌లో మౌర్యుల కాలంలో తొలిచిన బరాబర్ గుహల పేరుకు, ఈ మాటకు సంబంధం లేదు.

అర్థాలు

కొలతకు, తూకానికి సంబంధించిన అర్థమే అన్నిటికంటే పాతది. 'ఇద్దరి పాలు బరాబర్' అంటే ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ రాలేదని. 'అన్నదమ్ములిద్దరు ఎత్తుల బరాబరున్నరు' అన్నప్పుడూ ఇదే అర్థం. ఎత్తుపల్లాలు లేకుండా చేయడం కూడా దీనికిందికే వస్తుంది: 'మడి బరాబర్ చేసినంకనే నాటెయ్యాలె.' లెక్కల్లో 'హిసాబ్ బరాబర్' అంటే ఇచ్చింది, పుచ్చుకున్నది సరిపోయి ఎవరికీ బాకీ మిగల్లేదని. అచ్చ తెలుగులో దీన్నే చెల్లుకు చెల్లు అంటారు.

రెండు వస్తువులను పోల్చే పని లేని చోట కూడా ఈ మాట వస్తుంది. 'మోటరు బరాబర్ నడుస్తలేదు', 'తలుపు బరాబర్ పడ్తలేదు' అనే వాక్యాల్లో ఒక వస్తువు ఉండాల్సిన తీరులో ఉందా లేదా అన్నదే విషయం. 'బరాబర్ పన్నెండు గొట్టంగ వచ్చిండు' అంటే అటూ ఇటూ కాకుండా సరిగ్గా పన్నెండింటికి వచ్చాడని.

'బరాబర్ ఇస్త', 'బరాబర్ అడుగుత' అన్నప్పుడు అర్థం మరో మెట్టెక్కుతుంది. ఇక్కడ మాట్లాడే మనిషి చేయబోయే పనికి పూచీ పడుతున్నాడు. పైగా ఆ పని చేసే హక్కు తనకు ఉందన్న ధ్వని కూడా ఇందులో ఉంది. 'తప్పకుండా అడుగుతా' అనే శిష్ట వాక్యంలో హామీ ఉంటుంది గాని, 'ఎందుకు అడగకూడదు?' అనే ఎదురు ప్రశ్న ఉండదు. 'బరాబర్ అడుగుత'లో అది ఉంది. అందువల్ల ఈ వాడుకను 'తప్పకుండా' అని ఊరికే తిరగరాస్తే సగం అర్థమే దక్కుతుంది.

వ్యతిరేకార్థంలో ఈ భేదం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 'ఈ రెండు బరాబర్ కావు' అంటే సమానం కావని. 'ఇది బరాబర్ లేదు' అంటే బాగా లేదని, ఎక్కడో తేడా ఉందని. పోలిక ఉన్నప్పుడు 'కాదు', స్థితిని చెప్పేటప్పుడు 'లేదు' రావడం తెలుగు వ్యాకరణం ఈ పరాయి మాటకు వేసిన కట్టుబాటు.

వ్యుత్పత్తి

ఫారసీలో బర్ అంటే రొమ్ము, ఎద. ఒకే నామాన్ని రెండుసార్లు పలికి నడుమ దీర్ఘమైన 'ఆ' చేర్చడం ఆ భాషలో ఒక సమాస పద్ధతి. బర్, ఆ, బర్ కలిసి బరాబర్ అయింది. మాటకు మాటగా అర్థం చెప్పుకుంటే ఎదకు ఎద. ఇద్దరు మనుషులు ఎదురెదురుగానో, పక్కపక్కనో నిలబడితే వారి రొమ్ములు ఒకే ఎత్తులో ఉండటం ఈ మాట వెనక ఉన్న భావం. అవెస్తా భాషలోని వరహ్, సంస్కృతంలోని ఉరస్ ఫారసీ బర్‌కు దాయాదులు. కాబట్టి తెలుగువారు ఎరిగిన ఉరము, ఉరోజము అనే మాటలకు బరాబర్‌తో దూరపు చుట్టరికం ఉంది.

ఇదే పద్ధతిలో పుట్టిన మరో ఫారసీ మాట సరాసర్. సర్ అంటే తల. ఈ తల నుంచి ఆ తల దాకా, అంటే మొత్తంగా అని దాని భావం. తెలుగులో అది సరాసరి అయింది. 'నేరుగా' అనే అర్థమూ, గణితంలో 'సగటు' అనే అర్థమూ ఒకే మాటకు వచ్చాయి. పెదవికి పెదవి అనే అర్థం నుంచి వచ్చిన లబాలబ్ ఉర్దూలో అంచుల దాకా నిండిన పాత్రను చెబుతుంది. సరాసరిని చూసి దాన్ని తెలుగు 'సరి'కి ద్విరుక్తమని అనుకోవడం కద్దు. అది నిజం కాదు. సరిహద్దు సంగతీ ఇంతే. అది ఫారసీలో వాడే సర్‌హద్. తెలుగు చెవికి 'సరి' అయిన 'హద్దు' అని వినిపించి సరిహద్దుగా స్థిరపడింది.

కచేరీ తెలుగులోని బర్ఖాస్తు, బర్తరఫు అనే మాటల మొదట కూడా బర్ కనిపిస్తుంది. ఆ బర్ వేరు. 'పైన', 'మీద' అనే అర్థమున్న ఉపసర్గ అది. రెండింటినీ కలిపి వ్యుత్పత్తి చెప్పకూడదు.

తెలుగు నేలకు వచ్చిన దారి

దక్కనులో ఫారసీ రాజభాషగా బహమనీల కాలంలో, అంటే 14వ శతాబ్దం మధ్య నుంచి స్థిరపడింది. నల్లగొండ ప్రాంతంలో రాచకొండ, దేవరకొండ రాజ్యాలను ఏలిన రేచర్ల పద్మనాయకులకు బహమనీలతో పొత్తులూ ఉన్నాయి, పోర్లూ ఉన్నాయి. తర్వాత గోల్కొండ కుతుబ్‌షాహీల పాలనలో (1518–1687) ఫారసీ, తెలుగు రెండూ పక్కపక్కనే నడిచాయి. ఒకే ఫర్మానాను రెండు భాషల్లోనూ రాయించిన సందర్భాలున్నాయి. తొలి అచ్చ తెలుగు కావ్యంగా పేరొందిన యయాతి చరిత్రను పొన్నిగంటి తెలగన్న ఈ కాలంలోనే రచించి, పటాన్‌చెరువు ప్రాంతపు అధికారి అమీన్ ఖానుకు అంకితమిచ్చాడు. అన్యదేశ్యాలను దగ్గరికి రానివ్వని కావ్యానికి ఫారసీ రాజభాషగా ఉన్న కొలువులోని మనిషి కృతిభర్త కావడం ఆ కాలపు భాషా పరిస్థితిని బాగా పట్టి చూపుతుంది.

ఆసఫ్‌జాహీల, అంటే నిజాంల పాలనలో (1724–1948) పరిస్థితి మారింది. దివాను మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల్లో భాగంగా 1865లో జిల్లాబందీ, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విభజించడం జరిగింది. దాంతో కచేరీ భాష తాలూకాల దాకా, పటేల్ పట్వారీల దాకా దిగింది. 1880వ దశకంలో ఫారసీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. పాలమూరుకు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరిట మహబూబ్‌నగర్ అనే పేరు పెట్టింది ఆ వెంటనే, 1890లో. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో నడిచింది. బడిలో ఉర్దూ, కోర్టులో ఉర్దూ, భూమి కాగితంలో ఉర్దూ. పహాణీ, జమాబందీ, దస్త్రం, బాకీ, జమ, హద్దు, గిర్దావర్ వంటి మాటలు చదువు రాని రైతు నోట కూడా పలకడానికి కారణం ఇదే. బరాబర్ వీటితో పాటే వచ్చింది.

అయితే ఒక తేడా ఉంది. పహాణీ, జమాబందీ రెవెన్యూ శాఖ మాటలుగానే మిగిలాయి. బరాబర్ కచేరీ దాటి అంగడికి, పొలానికి, వంటింటికి వెళ్లింది. దీనికి రాజభాష ఒక్కటే కారణమంటే చాలదు. పట్టణాల్లో, వార సంతల్లో, చేతివృత్తుల్లో తెలుగు, దక్కనీ మాట్లాడేవారు పక్కపక్కన బతికారు. దక్కనీ వీధి భాష. ఢిల్లీ, లక్నో పుస్తక ఉర్దూకు దాని ఉచ్చారణలోనూ, పలుకుబడిలోనూ చాలా తేడా ఉంది. తెలంగాణ తెలుగులోని బరాబర్ పుస్తకం నుంచి గాక ఆ వీధి నుంచి వచ్చిందనడానికి దాని అర్థమే ఆధారం. 'సరిగా' అనే అర్థం దక్కనీలో బలంగా ఉంది.

ఈ రాకపోకలు సమాన స్థాయిలో జరగలేదన్నది కూడా నమోదు చేయాల్సిన విషయం. 1921 నవంబరులో హైదరాబాదులో కార్వే పండితుని అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ప్రసంగాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలి చేశారు. ఆ రాత్రే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మరుసటి ఏడు, 1922లో, నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రికను తెచ్చారు. తెలుగు కోసం పత్రిక పెట్టిన ఆయన ఇంటిపేరులోని షబ్, నవీస్ రెండూ ఫారసీ మాటలే. తెలుగు గౌరవం కోసం పోరాడిన తరం ఫారసీ మాటలను నోటి నుంచి వెళ్లగొట్టలేదు. వెళ్లగొట్టాలని సామాన్యులకు తోచనూ లేదు.

'సమానం' నుంచి 'నిశ్చయం' దాకా

ఒక మాట 'సమానం' దగ్గర బయలుదేరి 'తప్పకుండా' దగ్గరికి ఎలా చేరుతుంది? దీనికి తూకం, లెక్క అనే రెండు పనులు మంచి ఆనవాళ్లు.

పాత అంగళ్లలో తరాజు పట్టే తీరు చూస్తే విషయం సులభంగా బోధపడుతుంది. సరుకు వేయకముందు సేటు ఖాళీ తరాజును పైకెత్తి పట్టుకుంటాడు. రెండు పళ్లేలూ ఒకే ఎత్తులో నిలవాలి, దండె నడిమి ముల్లు నిటారుగా ఉండాలి. ఒక పళ్లెం కిందికి వాలితే, తేలిక పళ్లేనికి చిన్న రాయో చింతగింజలో కట్టి సరిచేస్తారు. ఆ కట్టిన బరువును పాసంగం అంటారు. తరాజు, పాసంగం రెండూ ఫారసీ నుంచి వచ్చినవే. 'బరాబర్ జోకు సేటు' అని కొనే మనిషి అన్నప్పుడు రెండు అర్థాలు ఒకేసారి పలుకుతాయి. పళ్లేలు సమానంగా ఉండాలి, కాబట్టి తూకం న్యాయంగా ఉండాలి. సమానమైనదే సరైనది. ఇక్కడ ఆ రెండు అర్థాలను విడదీయడం ఆ మాట అన్న మనిషికి కూడా సాధ్యం కాదు.

లెక్కలోనూ ఇంతే. జమ, ఖర్చు రెండు వరుసల మొత్తాలు ఒకటైతే లెక్క బరాబర్. వరుసలు కలవడమే లెక్కలో తప్పు లేదనడానికి రుజువు. తప్పు లేని లెక్క మీద వాదన ఉండదు. వాదన లేని మాట నిశ్చయం. 'సమానం' నుంచి 'సరైనది', అక్కడి నుంచి 'తిరుగు లేనిది', ఆ మీద 'తప్పకుండా' అనే వరుస ఇలా కుదురుతుంది.

ఈ పరిణామం తెలంగాణలోనే మొదలైనది కాదు. మరాఠీ బరోబర్, గుజరాతీ బరాబర్ రెండింటికీ 'సరైనది' అనే అర్థం ఉంది. తెలంగాణలో బాగా బలపడింది ఆఖరి మెట్టు, అంటే హక్కుతో కూడిన నిశ్చయం.

ద్రావిడ పదమైన సరి కూడా ఇలాంటి దారిలోనే నడిచిందన్నది ఈ విషయంలో ఆసక్తికరమైన అంశం. సరి అంటే మొదట సమానం, జోడు. సరిజోడు, సరిసాటి, సరి సంఖ్య అనే మాటల్లో ఆ అర్థం మిగిలి ఉంది. సరిగా, సరైన, సరిచేయు అనేవి 'ఒప్పు' అనే అర్థానికి మారాయి. సరే అన్నది అంగీకారం. తమిళం, కన్నడం, మలయాళం భాషల్లోనూ ఈ ధాతువుకు సమానం, ఒప్పు అనే అర్థాలు కలిసే ఉన్నాయి. కాబట్టి బరాబర్ వచ్చేనాటికి తెలుగువారి మనసులో సమానానికీ ఒప్పుకూ మధ్య బాట ముందే పడి ఉంది. పరాయి మాట అంత తొందరగా కుదురుకోవడానికి ఇదొక కారణమై ఉంటుంది.

కానీ రెండూ ఒకదాని చోట ఒకటి ఒదిగే మాటలు కావు. సరే అనేది ఎదుటివాడి మాటకు ఒప్పుకోలు. దానిలో కొంత సర్దుబాటు కూడా ఉండొచ్చు. బరాబర్ సొంత మాటకు బలం. 'రేపు వస్తవా?' అంటే 'సరే' అన్నవాడు రాకపోవచ్చు. 'బరాబర్' అన్నవాడు రాకపోతే నిలదీస్తారు. సరి సంఖ్య, బేసి సంఖ్య అనే చోట బరాబర్ అసలే పనికిరాదు.

పని చోట వాడుక

తాపీ మేస్త్రీ మట్టం పెట్టి ఇటుక వరుసను చూసేటప్పుడు, గుండు వదిలి గోడ నిలువును చూసేటప్పుడు 'బరాబర్' అంటే పని ముందుకు సాగొచ్చని. ఇది వర్ణన, ఆజ్ఞ రెండూ. చెరువు కింద వంతుల వారీగా మళ్లకు నీళ్లు వదిలే నీరటి దగ్గర 'బరాబర్' అన్న మాట వాటాకు సంబంధించింది. నీళ్లు తక్కువైన ఏడు ఆ మాట మీదనే తగాదాలు వస్తాయి.

భూదాన్ పోచంపల్లి, పుట్టపాక వంటి చోట్ల నేసే ఇక్కత్ బట్టలో బరాబర్‌కు కంటికి కనిపించే రూపం ఉంది. నూలును నేయకముందే కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. కట్టు ఉన్న మేర రంగు ఎక్కదు. మగ్గం మీద పడుగుకు అడ్డంగా పేక పడినప్పుడు ముందే అద్దిన రంగుల గుర్తులు ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. నేతగాడు పోగు వేసిన తర్వాత దాన్ని వేలితో కొద్దిగా జరిపి గుర్తుకు గుర్తు కలుపుతాడు. వెంట్రుక వాసి తేడా వచ్చినా పూవు అంచు చెదురుతుంది. ఎంత నేర్పరి నేసినా ఇక్కత్ గీతల అంచులు కాస్త అలుక్కుపోయినట్టు ఉంటాయి. అచ్చు వేసిన నకిలీ బట్టలో గీత కోసినట్టు ఉంటుంది. పూర్తిగా బరాబర్ రాకపోవడమే అసలు సరుకును పట్టిస్తుందన్నమాట.

పాలమూరు నుంచి కూలికి ముంబై, పుణె దాకా వలస వెళ్లిన గుంపులకు ఈ మాట దారి పొడవునా తోడుండే మాట. మేస్త్రీ మరాఠీలో బరోబర్ అన్నా, హిందీలో బరాబర్ అన్నా పని ఎలా ఉందో చెబుతున్నాడని కూలీకి తెలిసిపోతుంది. సోలాపూర్, భివండీల్లో స్థిరపడిన తెలంగాణ పద్మశాలీల మగ్గాల దగ్గరా అంతే.

బరాబరి: సామాజిక అర్థం

నామరూపమైన బరాబరికి మరో ముఖం ఉంది. ఉర్దూలో బరాబరీ కర్నా అంటే పోటీ పడటం, తనను తాను ఎదుటివారితో సమానమనుకుని ప్రవర్తించడం. తెలుగులో 'పెద్దోళ్లతోని బరాబరి జేస్తవా?' అనే వాక్యంలో అది మందలింపు. సమానంగా ఉండటం గుణమే అయినా, సమానమని చెప్పుకోవడం తప్పుగా ఎంచిన సమాజం ఈ వాడుకకు నేపథ్యం.

నిజాం కాలపు నల్లగొండలో ఈ నేపథ్యం చాలా బరువైనది. దేశ్‌ముఖులు, జాగీర్దార్ల కింద వెట్టి సాగింది. కులవృత్తుల వారు కూలి లేకుండా గడీలో పని చేయాల్సి వచ్చేది. 'బాంచన్ దొరా, నీ కాల్మొక్త' అనే పలకరింపు ఆ సంబంధానికి మాటరూపం. ఎదకు ఎద అనే వ్యుత్పత్తి ఉన్న మాట ఒకవైపు, కాళ్లు మొక్కడం మరోవైపు ఒకే ఊరి భాషలో ఉన్నాయి. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ తర్వాత, జనం 'సంఘం' అని పిలుచుకున్న ఆ సంస్థ పల్లెల్లోకి పాకింది. 1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమురయ్య కాల్పుల్లో మరణించాడు. ఆ తర్వాత రగిలిన తెలంగాణ సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. ఆ క్రమంలో పల్లె జనం భాషలో అణకువ మాటలు వెనక్కి తగ్గాయి. 'బరాబరి జేస్తవా?' అనే మందలింపు మాత్రం పూర్తిగా పోలేదు. ఇప్పుడది ఎక్కువగా తల్లిదండ్రులు పిల్లలను కసిరేటప్పుడు వినిపిస్తుంది.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమ కాలంలో, 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడే దాకా, 'బరాబర్' బహిరంగ సభల్లో తరచుగా వినిపించింది. అక్కడ ఇది హక్కుతో కూడిన నిశ్చయం అనే అర్థంలోనే వచ్చింది. టీవీ, సినిమా ద్వారా కోస్తా, రాయలసీమల్లో ఈ మాట తెలంగాణ యాసకు గుర్తుగా మారింది. ఇతర ప్రాంతాల వారు దీన్ని యాస పలికించడానికి వాడేటప్పుడు దాదాపు ప్రతిసారీ 'తప్పకుండా' అనే ఒక్క అర్థానికే కుదిస్తారు. తూకం, చదును, బాకీ తీరడం వంటి పాత అర్థాలు ఆ వాడుకలో కనిపించవు.

పరిపాలన భాషలోకి, చట్టంలోకి బరాబరి రాలేదు. రాజ్యాంగంలోని 14వ అధికరణం చెప్పే హక్కును తెలుగులో సమానత్వం అంటారు. ఉర్దూలో కూడా గంభీరమైన రాజకీయ సందర్భాల్లో అరబ్బీ మూలమున్న ముసావాత్ వాడటం ఉంది.

సాటి పదాలు

సమ, సమాన: సంస్కృత పదాలు. ఫారసీ హమ్, గ్రీకు హొమొస్ వీటికి దాయాదులు. సమం, సమానం, సమత, సమానత అనేవి తెలుగులో లెక్కకూ, హక్కుకూ పనికొస్తాయి. బరాబర్‌లా ఇవి 'సరిగా', 'తప్పకుండా' అనే వైపు మళ్లలేదు.

సాటి: పోల్చదగిన మనిషి లేదా వస్తువు. సాటి మనిషి, సాటిలేని అనే ప్రయోగాల్లో విలువ ప్రధానం, కొలత కాదు.

ఈడు: వయసులో సమానత. ఈడూ జోడూ అన్న జంటమాట పెళ్లి సంబంధాల్లో వినబడుతుంది.

ఉద్ది, ఉజ్జీ: ఆటలో, పోటీలో సమాన బలం ఉన్నవాడు. సమవుజ్జీ అన్న మాటలో సంస్కృతమూ తెలుగూ కలిశాయి.

సహీ, పక్కా: బరాబర్‌కు దగ్గరి ఉర్దూ, హిందీ మాటలు. సహీ నిజానిజాలకు, పక్కా గట్టిదనానికి సంబంధించినవి. మాట పక్కా కావచ్చు, లెక్క సహీ కావచ్చు. పంపకం మాత్రం బరాబరే కావాలి.

ఇతర భాషల్లో

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలై మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో, కన్నడ జిల్లాలు మైసూరులో, తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఈ మాట మూడు చోట్లా ఉండిపోయింది. ఉత్తర కర్ణాటక కన్నడంలో బరోబ్బరి అంటారు. నారాయణపేట నుంచి రాయచూరు వైపు వెళ్లేవారికి తెలుగు, కన్నడ రూపాలు రెండూ వినిపిస్తాయి.

హిందీలో సమానం అనే అర్థంతో పాటు 'ఎడతెగకుండా' అనేది మరో అర్థం. బెంగాలీలో బరాబర్ అంటే వెంబడి, ఎల్లప్పుడూ. బంగ్లాదేశ్‌లో అధికారికి రాసే దరఖాస్తు మొదట్లో 'గారికి' అనే చోట ఈ మాటే రాస్తారు. ఎదురుగా నిలబడటం అనే మూలభావం అక్కడ మిగిలి ఉందనుకోవచ్చు. తుర్కీలో బెరాబెర్ అంటే 'కలిసి'. బాల్కన్ దేశాల్లో అల్బేనియన్, మాసిడోనియన్ భాషలకూ ఉస్మానీ తుర్కుల ద్వారా ఈ మాట చేరింది. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీలో బరాబర అంటే సరిగ్గా, పద్ధతిగా. ఇది తెలంగాణ అర్థానికి చాలా దగ్గరగా ఉంది. హిందూ మహాసముద్రం మీది వర్తకమే దానికి దారి.

రూపం, ఉచ్చారణ, రాత

తెలుగు పదాలు సాధారణంగా అజంతాలు. తెలంగాణ వాడుకలో బరాబర్ హలంతంగానే నిలిచింది. అచ్చుతో మొదలయ్యే మాట గాని ప్రత్యయం గాని చేరినప్పుడు మాత్రం దానితో కలిసిపోతుంది: బరాబరున్నది, బరాబరే. నడిమి 'రా' మీద ఊనిక పడుతుంది, పంతంతో అన్నప్పుడు ఆ దీర్ఘం ఇంకా సాగుతుంది. క్రియకు ముందు ఏ ప్రత్యయం లేకుండానే క్రియావిశేషణంగా నడుస్తుంది: బరాబర్ చెప్పిండు. 'బరాబర్‌గ' అనడం ఉంది గాని తక్కువ. ఒక్క మాటగా జవాబు చెప్పడానికీ సరిపోతుంది.

ఇలాంటి వ్యవహార పదాల కోసం సి.పి. బ్రౌన్ 1852లో జిల్లా నిఘంటువును, ఆ తర్వాత తెలుగులోని మిశ్రభాషా పదాలకు, అన్యదేశ్యాలకు వేరే కోశాన్ని అచ్చు వేయించాడు. సాధారణ తెలుగు నిఘంటువు పక్కన ఈ మాటలకు విడిగా పుస్తకం కావాల్సి వచ్చిందంటే అవి కచేరీల్లో ఎంత చెలామణిలో ఉండేవో ఊహించవచ్చు. ఇటీవలి కాలంలో నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం వంటి కృషితో ప్రాంతీయ పదాలకు నిఘంటువుల్లో చోటు దక్కింది. పత్రికల్లో, కథల్లో సంభాషణ రాసేటప్పుడు బరాబర్ అన్న హలంత రూపమే స్థిరపడింది. బరాబరు అని అచ్చు చేర్చి రాస్తే తెలంగాణ పాఠకుడికి అది పుస్తకాల్లో దిద్దిన మాటలా కనిపిస్తుంది.